గోదావరి జిల్లాల్లో హెయిర్ స్టైలిస్టుగా నిలదొక్కుకోవడం ఎలా?

భీమవరం, తణుకు, అమలాపురం, రావులపాలెం... మన ఊళ్లలో ఏ బజారుకెళ్లినా కటింగ్ షాపులకీ బ్యూటీ పార్లర్లకీ కొదవ లేదు. అయినా ఆదివారం పూట ఒక షాపు ముందు బల్ల మీద జనం వరుసగా కూర్చుని ఉంటారు, పక్క షాపులో కుర్చీ ఖాళీగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక కస్టమర్ అలిగి వెళ్లిపోతే మర్నాడు ఇంకో కొత్త మనిషి వస్తాడు. పాలకొల్లులో అలా కుదరదు. ఒకమ్మాయి జుట్టు పాడుచేశారంటే ఆ సంగతి సాయంత్రానికి వాళ్ల పిన్నికీ, మేనత్తకీ, కాలేజీ బస్సులో అందరికీ తెలిసిపోతుంది. బాగా చేస్తే ఆ అమ్మాయి చెల్లెలు వస్తుంది, తల్లి వస్తుంది, నాలుగేళ్లకి ఆ ఇంట్లో పెళ్లి పని మీకే వస్తుంది. అందుకని ఇక్కడ ఈ వృత్తిలో పైకి రావాలనుకునేవాళ్లు ఒక్కటే గురి పెట్టుకోవాలి: ఒకసారి మీ కుర్చీలో కూర్చున్న మనిషి రెండోసారి రావాలి. ఏం నేర్చుకోవాలి, ఎక్కడ నేర్చుకోవాలి, ఎంత తీసుకోవాలి, ఏ పని వద్దనాలి అన్నవన్నీ ఆ గురిని బట్టే తేల్చుకోండి.

ముందు ఇంట్లో వాళ్లతో మాట్లాడండి

ఏసీ సెలూన్లు రాకముందు నుంచీ తరతరాలుగా నాయీబ్రాహ్మణ కుటుంబాలు ఈ పని చేస్తున్నాయి. క్షవరంతో పాటు పుట్టువెంట్రుకలు తీసిందీ, గుళ్లలో పెళ్లిళ్లలో సన్నాయి, డోలు మోగించిందీ, ఊళ్లో నాటువైద్యం చేసిందీ వాళ్లే. అంత చేసినవాళ్లని ఊరు చిన్నచూపు చూసింది. ఆ చూపు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ కుటుంబాల్లో పుట్టిన పిల్లలకి ‘ఈ పని నీకెందుకు, చదువుకో’ అంటారు. వేరే కులం పిల్లలకి ‘డిగ్రీ చదివి ఈ పనా’ అంటారు. మీ ఇంట్లో కూడా ఆ మాట వస్తుంది. అప్పుడు వాదన పెట్టుకోకండి. మీకు తెలిసిన ఒక మంచి షాపుకి నాన్ననో అమ్మనో తీసుకెళ్లి ఒక పూట కూర్చోబెట్టండి. చేసే పనినీ, గల్లాపెట్టెనీ కళ్లారా చూస్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

ఎక్కడ నేర్చుకోవాలి

దారులు మూడున్నాయి. డబ్బు లేనివాళ్లకి మొదటిది ఆర్‌సెటీ, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. బ్యాంకులు నడిపే ఈ కేంద్రాల్లో పల్లెటూరి యువతకి బ్యూటీ పార్లర్ కోర్సు ఉచితం, భోజనం, వసతి కూడా వాళ్లే చూస్తారు. నెల పైచిలుకు సాగుతుంది. రెండోది ఐటీఐలో ఏడాది కాస్మెటాలజీ ట్రేడ్. మూడోది హైదరాబాద్, చెన్నై అకాడమీలు. ఫీజు బాగా ఎక్కువ, పని మాత్రం వరుసగా చెబుతారు.

ఏ దారిలో వెళ్లినా చేతికొచ్చే సర్టిఫికెట్‌తో మీరు స్టైలిస్టు అయిపోరు. మూడు నెలల కోర్సు చేసి రాగానే షాపు తెరిచి, ఆరు నెలల్లో మూసేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కోర్సు అయ్యాక కనీసం రెండేళ్లు రద్దీగా ఉండే షాపులో అసిస్టెంటుగా చేరండి. జీతం తక్కువైనా పర్వాలేదు, తలలు ఎక్కువ తగిలే చోటు చూసుకోండి. చేరేముందు ఒక ప్రశ్న అడగండి: ‘ఎన్నాళ్లకి నాకు కత్తెర ఇస్తారు?’ సూటిగా జవాబు చెప్పని చోట రెండేళ్లయినా జుట్టు ఊడుస్తూ, టీ తెస్తూ ఉండిపోతారు.

నాకున్న ఒక గట్టి అభిప్రాయం చెబుతాను. ఆడవాళ్ల జుట్టు మాత్రమే చేద్దామనుకున్నా సరే, కొన్ని నెలలు మగవాళ్ల కటింగ్ నేర్చుకోండి. అదీ పాతకాలం షాపులో, దువ్వెన మీద కత్తెర ఆడించే పెద్దాయన దగ్గరయితే మరీ మంచిది. మెషిన్‌కి ఒకటో నంబరు గార్డు తగిలిస్తే మూడు మిల్లీమీటర్లు, రెండో నంబరు తగిలిస్తే ఆరు, ఆ పని ఎవరైనా చేస్తారు. ఆ రెండింటి మధ్య గీత కనపడకుండా కలపడం కత్తెర తెలిసిన చేతికే వస్తుంది. కంటికి ఆ పట్టు దొరికాక లేయర్ కట్, స్టెప్ కట్ చాలా తేలికవుతాయి.

చేతికి పని వచ్చే వరుస ఇలా ఉంటే మంచిది: తల కడగడం, ఆరబెట్టడం, జుట్టుని పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టడం, స్ట్రెయిట్ కట్, ఆ తర్వాత యూ, వీ, లేయర్లు, అన్నిటికంటే చివర రంగులు, స్మూతెనింగ్ (మందు పెట్టి జుట్టుని నున్నగా చేయడం). ఇంట్లో డమ్మీ తల ఒకటి పెట్టుకుని స్ట్రెయిట్ కట్ మళ్లీ మళ్లీ చేయండి. గీత అటూ ఇటూ సమానంగా రానంతకాలం లేయర్ల జోలికి వెళ్లకండి.

మన నీళ్లు, మన ఉక్క

అకాడమీల్లో చెప్పని పాఠం ఇదే, డెల్టాలో పనిచేసేవాళ్లకి అన్నిటికంటే ముందు కావలసిందీ ఇదే. సముద్రం దగ్గరి మండలాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. కొన్నిచోట్ల ఇనుము కలిసి బకెట్లకి ఎర్రటి చార పడుతుంది. అలాంటి నీళ్లలో షాంపూ నురగ రాదు, ఎంత కడిగినా జుట్టు బిరుసుగానే ఉంటుంది, వేసిన రంగు తొందరగా వెలిసిపోతుంది. కస్టమర్ మాత్రం మీ రంగే మంచిది కాదనుకుంటుంది.

షాపు అద్దెకి తీసుకునేముందు అక్కడి నీళ్లు సీసాలో పట్టి పరీక్ష చేయించండి. తాగునీటికి పెట్టిన ప్రమాణాలే మనకీ కొలత అనుకోవచ్చు: గట్టిదనం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటితే గట్టి నీళ్లు, కరిగిన లవణాలు మొత్తం 500 దాటితే జాగ్రత్త పడాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. సాఫ్ట్‌నర్ పెట్టించి, ఉప్పు కూడా పోతుందనుకుంటారు. సాఫ్ట్‌నర్ తీసేది గట్టిదనానికి కారణమైన కాల్షియం, మెగ్నీషియంలనే. ఉప్పగా ఉన్న నీళ్లు ఉప్పగానే ఉంటాయి. ఉప్పు నీళ్లున్న చోట కుళాయి నీళ్లు నిల్వ చేసుకోవాలి, లేదంటే చివరి కడుగుకైనా ఆర్వో నీళ్లు వాడాలి. రంగు, స్మూతెనింగ్ పనులకి ఆఖరి రెండు జగ్గులు మంచి నీళ్లతో పోసినా తేడా తెలుస్తుంది. ఇంకో సంగతి. ఎండాకాలంలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు మరమ్మతుల కోసం కట్టేస్తారు. ఊళ్లన్నీ మంచినీటి చెరువుల మీదే బతికే ఆ రోజులూ, పెళ్లిళ్ల రోజులూ ఒకేసారి వస్తాయి. అదనపు ట్యాంకు ఒకటి తప్పనిసరి.

ఇక ఉక్క. జుట్టు తడిసినప్పుడు లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరినప్పుడు మళ్లీ కుదురుకుంటాయి. బ్లో డ్రై నిలబడేది ఆ బంధాల మీదే. మన గాలిలో ఉన్న తేమ వాటిని గంటలోపే వదులు చేస్తుంది. అందుకే జుట్టు పూర్తిగా, కుదురు దాకా ఆరనివ్వాలి. ‘దాదాపు ఆరింది’ అనిపించినప్పుడు ఆపేస్తే బయట మెట్లు దిగేలోపే ఉబ్బిపోతుంది. ప్రతి పాయా వేడి గాలితో ఆరాక డ్రైయర్ మీదున్న చల్లగాలి బటన్ నొక్కి, చల్లబడేదాకా దువ్వెన చుట్టూ అలాగే పట్టుకోండి. ఆ కొద్ది సెకన్లు ఆగితే సాయంత్రం దాకా నిలుస్తుంది.

కోనసీమ ఆడవాళ్ల తలకి కొబ్బరినూనె బాగా పట్టి ఉంటుంది. నీళ్లు పోయకముందే పొడి జుట్టు మీద కొంచెం షాంపూ రుద్ది, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు చేరుస్తూ కడిగితే నూనె వదులుతుంది. ఆపైన రెండోసారి మామూలుగా కడగండి. నూనె వదలని తల మీద రంగు పడదు, కట్ కూడా సరిగా కూర్చోదు.

కుర్చీలో కూర్చోబెట్టాక మొదటి ఐదు నిమిషాలు

కస్టమర్ రాగానే గుడ్డ కప్పి, స్ప్రే బాటిల్ అందుకోవడం చాలామందికి అలవాటు. దయచేసి మానేయండి. జుట్టు పొడిగా ఉన్నప్పుడే చూడాలి, సుడి ఎక్కడుంది, నుదుటి దగ్గర జుట్టు ఎటు తిరుగుతోంది, ఎక్కడ పలచబడింది అన్నవి తడిపాక కనపడవు.

‘కొంచెం తీయండి’ అంటారు. ఆ కొంచెం ఎంతో మీకు తెలియదు, వాళ్లకీ తెలియదు. జడ ముందుకి తీసుకుని, కొస దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, అద్దంలో చూపిస్తూ ‘ఇంతవరకేనా అమ్మా?’ అని అడగండి. వాళ్లు తమ వేళ్లతో పట్టుకుని చూపిస్తే ఇంకా మంచిది. తడి జుట్టు సాగుతుంది, ఆరాక పైకి పోతుంది. ఉంగరాల జుట్టయితే ఇంకా పైకి పోతుంది. కాబట్టి వాళ్లు చూపించిన దానికంటే తక్కువ తీసి, ఆరబెట్టి, ‘ఇంకా తీయమంటారా?’ అని అడగండి. ఎక్కువ తీసేస్తే మీరు చేయగలిగింది ఏమీ లేదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది.

ఇంకో నాలుగు ప్రశ్నలు కూడా అడగాలి. ఏ నూనె, ఏ షాంపూ వాడుతున్నారు? గత రెండేళ్లలో రంగు, గోరింటాకు, స్మూతెనింగ్ ఏవైనా చేయించుకున్నారా? జుట్టు రాలుతోందా? రోజూ ఇంట్లో ఎంతసేపు దువ్వుకోగలరు? తెల్లవారుజామునే లేచి చెరువుల దగ్గరికి వెళ్లే రైతుకి, రోజూ జెల్ రాసి నిలబెట్టాల్సిన స్టైల్ చేస్తే ఆయన వారంలో విసిగిపోతాడు. పిల్లల్ని బడికి పంపి ఆఫీసుకి పరిగెత్తే తల్లికి క్లిప్పు పెట్టుకునేంత పొడవు వదిలిపెట్టండి. జుట్టు రాలుతోందని బాధపడేవాళ్లకి రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకల దాకా రాలడం మామూలే అని చెప్పండి. నాణెమంత గుండ్రంగా ఊడినా, ప్రసవమై చాలా నెలలైనా ఆగకపోయినా డాక్టర్ దగ్గరికి పంపండి. అక్కడ హెయిర్ స్పా అంటగట్టి డబ్బు తీసుకోవడం నమ్మినవాళ్లని మోసం చేయడమే.

ఈ వివరాలు ఒక పుస్తకంలో రాసుకోండి. ఒక్కో కస్టమర్‌కి ఒక్కో పేజీ. పేరు, ఫోన్ నంబరు, ఏ షేడ్, ఎంత డెవలపర్ (రంగులో కలిపే పెరాక్సైడ్ మందు), ఎంతసేపు ఉంచారు, ఏది పడలేదు. ఆరు నెలల తర్వాత వచ్చినప్పుడు ‘పోయినసారి నాలుగో నంబరు బ్రౌన్ వేశాం కదండీ’ అంటే ఆ మనిషి ఇక వేరే షాపు మెట్టెక్కడు.

కుర్చీలో విన్న మాట ఇంకో కుర్చీ దాకా పోకూడదు. చిన్న ఊళ్లలో పార్లర్లు మూతపడే కారణాల్లో ఇదొకటి. ఫొటోలు కూడా అంతే. అడగకుండా ఒక ఆడపిల్ల ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారంటే ఆ వీధి మొత్తం మీకు దూరమవుతుంది. ఒప్పుకున్నవాళ్లయినా ముఖం కనపడాలా, వెనక జడ మాత్రమేనా అని విడిగా అడగండి.

రంగులు, స్మూతెనింగ్: వద్దని చెప్పడం నేర్చుకోండి

రంగుల లెక్క నలుపు ఒకటి నుంచి లేత పసుపు పది దాకా. మనవాళ్ల జుట్టు చాలావరకు ఒకటి నుంచి మూడు మధ్య ఉంటుంది. డెవలపర్ పది వాల్యూమ్ అంటే 3 శాతం పెరాక్సైడ్, ఇరవై అంటే 6, ముప్పై అంటే 9, నలభై అంటే 12. తెల్లవెంట్రుకలు కప్పడానికి ఇరవై చాలు. నలభై తలచర్మానికి తగలనివ్వకండి.

మన దగ్గర రోజూ వచ్చే కేసు ఒకటుంది. ఏళ్ల తరబడి ఇంట్లో నల్లరంగు వేసుకున్నావిడ వచ్చి, పెళ్లికి బ్రౌన్ కావాలంటుంది. రంగు మీద రంగు వేస్తే నలుపు పోదు. కుదుళ్లు మాత్రం ఎర్రగా వచ్చి, కిందంతా నల్లగానే ఉంటుంది. బ్లీచ్‌తో తీయొచ్చు, జుట్టు తట్టుకుంటుందా అన్నదే ప్రశ్న. ఈ మాట ముందే చెప్పండి. గోరింటాకు కూడా అడిగి తెలుసుకోవాలి. అసలైన గోరింటాకుతో ఇబ్బంది లేదు. నల్ల మెహందీ పేరుతో అమ్మేవాటిలో పీపీడీ (జుట్టు రంగుల్లో వాడే రసాయనం) ఉంటుంది, కొన్నింటిలో లోహ లవణాలు కలుపుతారు. అవి ఉన్న జుట్టుకి పెరాక్సైడ్ తగిలితే వేడెక్కి తెగిపోవచ్చు. అనుమానం ఉంటే వెనకనుంచి నాలుగు వెంట్రుకలు కత్తిరించి డెవలపర్‌లో అరగంట నానబెట్టండి. వేడెక్కినా, రంగు వింతగా మారినా ఆ తలకి రంగు పని వద్దు.

పీపీడీ పడనివాళ్లకి ముఖం వాచిపోతుంది, కళ్లు మూసుకుపోతాయి. అందుకే 48 గంటల ముందు చెవి వెనక చుక్క పెట్టి చూడాలి. కొత్త కస్టమర్ ‘ఎప్పుడూ వేసుకుంటాను, ఏం కాదు’ అన్నా చుక్క పెట్టాల్సిందే. ఏళ్ల తరబడి పడినది ఒకరోజు పడకపోవచ్చు.

స్మూతెనింగ్, కెరటిన్ పేర్లతో వచ్చే కొన్ని మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, వేడి ఇస్త్రీ తగలగానే పొగగా లేస్తుంది. అది క్యాన్సర్ కారకమని తేలింది. గ్లైఆక్సిలిక్ ఆసిడ్ ఉన్న మందులతో కిడ్నీ దెబ్బతిన్న కేసు 2024లో వైద్య పత్రికల్లోకి వచ్చింది. డబ్బా మీద ఏముందో చదవండి, పేరు లేని డబ్బా కొనకండి, తలుపులు తెరిచి, మాస్క్, గ్లౌజులు వేసుకుని చేయండి, మందు తలచర్మానికి తాకనివ్వకండి. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి చేయనని చెప్పండి. కస్టమర్ పీల్చేది ఒక పూట, మీరు పీల్చేది ఏడాదంతా.

శుభ్రత

బ్లేడు ప్రతి మనిషికీ కొత్తది, అదీ వాళ్ల ఎదురుగానే కాగితం విప్పి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో వారం రోజులు బతికి ఉంటుంది, చుక్క కంటికి కనపడకపోయినా. దువ్వెనలు, క్లిప్పులు ముందు సబ్బుతో కడిగి, తర్వాతే క్రిమిసంహారకంలో వేయాలి. జుట్టూ జిడ్డూ ఉండగా ఆ మందు పని చేయదు. మెషిన్ బ్లేడు ప్రతి తలకీ బ్రష్‌తో దులిపి, స్ప్రే కొట్టి, నూనె చుక్క వేయండి. తామర వ్యాపించడానికి మెషిన్లు, తువ్వాళ్లు పెద్ద దారి. తువ్వాలు ఒకరికి ఒకటే.

మెడ విరిచి టప్‌మనిపించడం వద్దు. ఎవరడిగినా వద్దు. తల కడిగేటప్పుడు మెడ బేసిన్ అంచు మీద ఎక్కువసేపు వెనక్కి వాలి ఉంటే పెద్దవాళ్లకి పక్షవాతం వచ్చిన కేసుల్ని 1993లోనే అమెరికా డాక్టర్లు రాశారు. మెడ కింద మడత తువ్వాలు పెట్టండి, కడగడం త్వరగా ముగించండి.

పెళ్లి పని

ఈ ప్రాంతంలో పేరూ డబ్బూ తెచ్చేది పెళ్లికూతురి జడే. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న కొప్పులు రిసెప్షన్‌కి సరిపోతాయి. ముహూర్తానికి మాత్రం మన పెళ్లి తంతు తెలియాలి.

పని ఒప్పుకునేటప్పుడు అడగాల్సిన మొదటి మాట ముహూర్తం ఎన్ని గంటలకి అని, రెండోది మంగళస్నానం ఎన్నింటికి అని. నలుగు పెట్టి, నూనె అంటి, తలంటు పోశాక జుట్టు తడిగా, జిడ్డుగా మీ చేతికొస్తుంది. రాత్రి ముహూర్తమైతే స్నానానికీ ముహూర్తానికీ మధ్య ఎన్ని గంటలుందో చూసుకుని, ఆరబెట్టడానికి విడిగా గంట పెట్టుకోండి. పెద్దావిడ ఎవరినైనా పక్కకి పిలిచి, ‘నూనె శాస్త్రానికి మాడు మీద అంటి, మిగతా జుట్టుకి వద్దండీ, జడ నిలవదు’ అని మర్యాదగా అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు.

రెండో విషయం మాడు. జీలకర్ర బెల్లం పెట్టేది అక్కడే. సరిగ్గా అక్కడ ఎత్తుగా పఫ్ కట్టి, స్ప్రే కొట్టి, రాళ్ల నగ గుచ్చితే పెళ్లికొడుకు చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక తడబడతాడు, నగ పక్కకి ఒరుగుతుంది, ఫొటోలో అదే పడుతుంది. పాపిడి బిళ్ల, సూర్యుడు, చంద్రుడు, నాగరం ఇవన్నీ పెట్టినా మాడు మీద అరచేయంత చోటు చదునుగా వదలండి. బాసికం తాడు చెవుల పైనుంచి వెనక్కి వెళ్లి ముడిపడుతుంది కాబట్టి అక్కడ పిన్నులు పైకి లేచి ఉండకూడదు. తలంబ్రాలు పోసుకున్నాక జుట్టులో బియ్యం ఇరుక్కుంటుంది, సన్న దువ్వెన దగ్గర ఉంచుకోండి.

పూలజడ బరువు చాలామంది తక్కువ అంచనా వేస్తారు. తడి మల్లెమొగ్గలతో కుట్టిన జడ మొదట్లో తేలిగ్గానే ఉంటుంది, నాలుగు గంటలు కూర్చుంటే మెడ లాగేస్తుంది. మెడ దగ్గర జుట్టు గట్టిగా కట్టి, సవరం చేర్చి బిగుతుగా జడ అల్లండి. పూలజడని పైన, మధ్యలో, కింద మూడు నాలుగు చోట్ల సూదీదారంతో అసలు జడకే కుట్టండి. పిన్నుల మీద వదిలేస్తే జారుతుంది. పై చివర రెండు పిన్నులు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పడేలా గుచ్చితే బరువు కుదుళ్ల మీద కాక మొత్తం కట్టు మీద పడుతుంది. అయ్యాక పెళ్లికూతుర్ని లేచి, తల వంచి, రెండు పక్కలకీ తిరిగి చూడమనండి. ఎక్కడ గుచ్చుకుంటోందో అప్పుడే చెబుతుంది.

పూలకి కడియపులంక మార్కెట్ దగ్గరే ఉంది మనకి. మంచి ముహూర్తం రోజున ధర ఎంతకైనా పోతుంది, కాబట్టి జడ కట్టేవాళ్లకి వారం ముందే ఆర్డరిచ్చి, పూల ఖర్చు మీ కూలితో కలపకుండా విడిగా రాయించుకోండి. అడ్వాన్స్ తీసుకోండి, ట్రయల్‌కి విడిగా తీసుకోండి, వాహనం ఎవరిదో ముందే తేల్చుకోండి. రాత్రి రెండింటికి పని అయ్యాక సఖినేటిపల్లి నుంచి ఒంటరిగా బండి మీద రావాల్సిన పరిస్థితి ఏ ఆడపిల్లకీ రాకూడదు.

ఏడాది డబ్బు లెక్క

ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మౌఢ్యాలు, అధికమాసం వస్తే అదీ... పెళ్లిళ్లు ఉండవు. 2026లో అధిక జ్యేష్ఠం పెళ్లిళ్ల రోజుల మధ్యలోనే వస్తుంది. మగవాళ్ల షాపులకి కార్తీకం నుంచి సన్నగిల్లుతుంది, అయ్యప్ప మాల వేసినవాళ్లు 41 రోజులు కత్తెర తగలనివ్వరు. ఆ తర్వాత సంక్రాంతి ముందు వారం నిద్ర కూడా ఉండదు. పంచాంగం కొనుక్కుని, ఏ నెల నిండుగా ఉంటుందో, ఏ నెల ఖాళీయో ముందే గీతలు గీసుకోండి. నిండు నెలల్లో వచ్చినదానిలో మూడోవంతు పక్కన పెడితే ఖాళీ నెలల అద్దెకి అప్పు చేయక్కర్లేదు. ఖాళీ నెలలో కొత్త పని నేర్చుకోవడానికి వెళ్లండి.

ధర పక్క షాపు బోర్డు చూసి పెట్టకండి. లెక్క కోసం అద్దె, కరెంటు, హెల్పరు జీతం, మీ జీతం కలిపి నెలకి 26,000 అనుకుందాం. మంగళవారాలు పోగా 26 రోజులు, అంటే రోజుకి వెయ్యి. రోజులో చేతినిండా పని ఉండేది ఐదు గంటలైతే గంటకి 200. కుదుళ్లకి రంగు గంటన్నర పడితే 300, మందు ఖర్చు 200 అనుకుంటే 500. ఇది అసలు మాత్రమే, లాభం ఆపైన. మొహమాటపడి 400కి చేస్తే ఎంత రద్దీ పెరిగితే అంత నష్టపోతారు. ధర పెంచేటప్పుడు నెల ముందు గోడ మీద రాసిపెట్టండి. పాతవాళ్లకి నోటితో చెప్పండి.

షాపు, అప్పు, కాగితాలు

నాయీ వృత్తి పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో ఒకటి. ఆ పథకం 2023 సెప్టెంబరులో మొదలైంది. 18 ఏళ్లు నిండి, సొంతంగా ఈ పని చేస్తున్నవాళ్లకి, కుటుంబంలో ఒక్కరికి వర్తిస్తుంది. శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయల భృతి, పనిముట్లకి 15,000, 5 శాతం వడ్డీతో మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా అప్పు. సీఎస్సీ (కామన్ సర్వీస్) కేంద్రంలోనో సచివాలయంలోనో కనుక్కోండి. ముద్ర అప్పుల్లో శిశు విభాగం 50,000 వరకు, కిశోర్ ఐదు లక్షల వరకు. అమ్మ డ్వాక్రా గ్రూపులో ఉంటే అక్కడి వడ్డీ కూడా పోల్చి చూసుకోండి. షాపు అలంకరణకి అప్పు చేయకండి, కుర్చీ, మంచి కత్తెర, నీళ్ల ట్యాంకు, ఇన్వర్టరు వీటికే చేయండి.

మున్సిపాలిటీ లేదా పంచాయతీ ట్రేడ్ లైసెన్సు ఉండాలి. షాపు రిజిస్ట్రేషన్ సంగతి లేబరు శాఖలో కనుక్కోండి. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం పైసా తీసుకోదు, ఏజెంటుకి ఇవ్వకండి. ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటితేనే జీఎస్టీ.

కోనసీమ నుంచి కువైట్, దుబాయ్ సెలూన్లకి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట: ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టకండి. వీసాలో సెలూన్ పని అనే రాసి ఉండాలి. విజిట్ వీసా మీద వెళ్లి పని చేయొచ్చన్న మాట నమ్మకండి.

రెండో కుర్చీ ఎప్పుడు

ఆదివారం రద్దీ చూసి రెండో కుర్చీ కొనకండి. మామూలు రోజుల్లో ఎంతమందిని ‘రేపు రండి’ అని తిప్పి పంపారో పుస్తకంలో గీత పెట్టుకోండి. మూడు నెలలు వరుసగా రోజుకి ఇద్దరు ముగ్గురు తిరిగిపోతుంటే అప్పుడు కొనండి. దాని మీద కూర్చోబెట్టే మనిషిని మీరే ఏడాది ముందు నుంచి తయారు చేసుకుంటే మంచిది. మొదట తల కడగడం, తర్వాత ఆరబెట్టడం, ఆపైన మీ ఇంట్లోవాళ్ల జుట్టు, ఆ తర్వాతే కస్టమర్. జీతం నెల మొదటి తేదీనే ఇవ్వండి, దాని మీద వాళ్లు చేసిన పనిలో ఇంత శాతమని కాగితం మీద రాసివ్వండి. కస్టమర్ ఎవరి చేత చేయించుకుంటానంటే వాళ్ల చేతే చేయనివ్వండి, మీ పాత కస్టమరే అయినా సరే.